డ్రైవర్ జయరాజు ఫికర్ ఎటు పోయింది

కాజీపేట రైల్వే కాలనీ చర్చిలో జయరాజు ఏళ్ల తరబడి చివరి బెంచీ మనిషి. డ్యూటీ దిగి నిద్రకళ్లతో వచ్చేవాడు కాబట్టి, మధ్యలో కునుకు పడితే పాస్టరు గారి కంట పడకూడదని ఆ బెంచీ ఎంచుకున్నాడు. అలాంటివాడు ఆ ఏడు ఈస్టరు దాటాక ఒక బెంచీ ముందుకు జరిగాడు. ఎండలు ముదిరేసరికి మధ్య వరుసలోకి వచ్చాడు. వానలు మొదలయ్యేసరికి రెండో వరుసలో, ముసలాళ్ల మధ్య చేతులు కట్టుకుని కూర్చుంటున్నాడు. పాస్టరు గారికి ఎంత సంతోషం కలిగిందంటే, ఒక ఆదివారం పేరు పెట్టి మరీ మెచ్చుకున్నారు. వయసు పెరిగేకొద్దీ దేవునికి దగ్గరగా జరగడం ఎలాగో జయరాజును చూసి నేర్చుకోండి అన్నారు. ఆడవాళ్ల వైపు కూర్చున్న ఆయన భార్య సుశీల గర్వంగా కొంగు సర్దుకుంది.

ఆ జరగడానికీ దేవునికీ ఏ సంబంధమూ లేదు. వేదిక పక్కన గోడకు ఒక చెక్కపలక ఉంటుంది. ఆ రోజు పాడబోయే పాటల నంబర్లు దాని మీద పెడతారు. చివరి బెంచీ నుంచి ఆ నంబర్లు జయరాజుకు సరిగా కనిపించడం మానేశాయి. మూడు ఎనిమిదిలా, ఎనిమిది సున్నాలా అనిపించేది. ఒక ఆదివారం అందరూ ఒక పాట మొదలుపెడితే ఆయన ఇంకో పాట అందుకున్నాడు, అదీ గొంతెత్తి. పిల్లలు నవ్వారు. ఆ తరువాతి వారం నుంచే బెంచీలు మారడం మొదలైంది.

వేరే ఎవరైనా అయితే అద్దాలు మార్చుకుని ఊరుకునేవాళ్లు. జయరాజుకు అలా కుదరదు. ఆయన గూడ్సు బండి నడిపే మనిషి. కాగితాల మీద ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు కానీ, కాలనీకి ఆయన డ్రైవర్ జయరాజే. రామగుండం వైపు నుంచి బొగ్గు బండ్లను కాజీపేటకు తేవడం, ఖాళీ పెట్టెలను మళ్లీ పైకి తీసుకుపోవడం, పెళ్లికి ముందు నుంచీ అదే పని. ఆయన నాన్న లోకో షెడ్డులో ఖలాసీగా చేరి, ఖలాసీగానే దిగిపోయాడు. కొడుకు మొదటిసారి ఇంజను నడుపుకుంటూ వెళ్లిన రోజు ఆ పెద్దాయన ప్లాట్‌ఫారం చివర నిలబడి, బండి కనుమరుగయ్యేదాకా చేయి ఊపాడట. ఈ సంగతి జయరాజు ఎన్నిసార్లు చెప్పాడో ఆయన కూతురు సుప్రియను అడగాలి.

ఫికర్ పడటంలో జయరాజుకు చిన్నప్పటి నుంచీ మంచి అభ్యాసం ఉంది. వాన పడితే క్వార్టరు కారుతుందని ఫికర్, పడకపోతే నల్లా నీళ్లు రావని ఫికర్. సుప్రియ పదో తరగతి పాసవుతుందా అని నెలంతా తిండి మానేశాడు. మంచి మార్కులతో పాసయ్యాక, ఈ మార్కులకు ఇంకెంత చదివించాలో అని మళ్లీ మానేశాడు. అయితే ఇవన్నీ ఇంట్లోనే. ఇంజను ఎక్కాడా, మనిషే మారిపోయేవాడు. అక్కడ ఆయనకు ఏ ఫికరూ ఉండేది కాదు, ఎదురుగా పట్టాలు, పట్టాల పక్కన సిగ్నళ్లు, చేతికింద బ్రేకు.

ఇంజన్లో ఒక పద్ధతి ఉంది. డ్రైవరు పక్కన అసిస్టెంటు ఒకడు కూర్చుంటాడు. సిగ్నల్ కనపడగానే ఒకరు దాని రంగు గట్టిగా పలకాలి. రెండోవారు కూడా తమ కళ్లతో చూసి, చేయెత్తి చూపిస్తూ అదే మాట తిరిగి పలకాలి. "గ్రీన్" అంటే "గ్రీన్". "ఎల్లో" అంటే "ఎల్లో". ఇద్దరి కళ్లూ చూశాయని, ఇద్దరి నోళ్లూ ఒప్పుకున్నాయని దాని అర్థం. ముప్పై ఏళ్లకు పైగా అలా పలికి పలికి జయరాజుకు అది ఇంట్లోకి కూడా వచ్చేసింది. "చారుల ఉప్పు తక్కువైంది" అని సుశీల అంటే, అన్నం కలుపుకుంటూ ఎడమ చేయి ఎత్తి "తక్కువైంది" అనేవాడు. "గ్యాస్ అయిపోయింది" అంటే "అయిపోయింది" అనేవాడు. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు ఆయన పెళ్లానికి ఎంత భయపడతాడో అనుకునేవాళ్లు.

కంటి చూపు తగ్గుతున్న సంగతి ఈ పద్ధతి చాటునే దాక్కుంది. ఎర్ర దీపం, ఆకుపచ్చ దీపం ఆయనకు దూరం నుంచే తెలిసేవి. చిక్కల్లా పసుపుతోనే. ఒక పసుపు దీపం వెలిగితే తరువాతి సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధపడి రావాలి. ఒకదాని మీద ఒకటి రెండు పసుపు దీపాలు వెలిగితే అంత తొందర లేదు, కాస్త జాగ్రత్తగా ముందుకు రావచ్చు. జయరాజు కంటికి ఆ రెండూ కరిగి ఒకటయ్యేవి. ఒక్కోసారి ఒకటే సాగి రెండయ్యేది. రాత్రి డ్యూటీల్లో అయితే ప్రతి దీపం చుట్టూ వెంట్రుకలు మొలిచినట్టు ఉండేది. హనుమకొండలో అద్దాల కొట్టుకు వెళ్తే, కొట్టతను పరీక్ష చేసి, "అద్దాలతోని అయ్యేది కాదు సార్, డాక్టర్‌కు చూపెట్టుకోండ్రి" అన్నాడు. అద్దాలు మాత్రం మార్చి ఇచ్చాడు. జయరాజు డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. కంట్లో పొర అంటారని తెలుసు. ఆపరేషన్ అంటారని తెలుసు. ఆపరేషన్ సంగతి రైల్వే వైద్య పరీక్షలో బయటపడుతుందనీ తెలుసు.

ఆ పరీక్ష దసరా వెళ్లాక ఉంది. ఈ వయసు డ్రైవర్లకు తప్పని పరీక్ష అది. చూపు సరిపోదని తేలితే ఇంజను దింపేస్తారు. జీతం ఎక్కడికీ పోదు, ఎక్కడో ఒక ఆఫీసులో కుర్చీ చూపిస్తారు. జయరాజుకు భయం జీతం గురించి కాదు. డ్రైవర్ జయరాజు పేరులోంచి డ్రైవర్ తీసేస్తే మిగిలేది ఎవరో ఆయనకు తెలియదు. అక్కడే ఆయనకు నిద్ర పట్టడం మానేసింది.

దారి చూపినవాడు యాకయ్య. జయరాజుకు ఇంజను పని నేర్పిన పెద్ద డ్రైవరు, రిటైరై ఫాతిమానగర్ టీ కొట్టు దగ్గర పొద్దు పుచ్చుతున్నాడు. సంగతి విని నవ్వాడు. "గింతదానికా పిలగా? కండ్ల డాక్టర్ గోడకు పెట్టే అక్షరాల చార్టు మనోళ్లకు కొత్తదా? నేను గట్లనే పాసైన. రాసుకోకు, నోటికి పట్టు," అని పై వరుస నుంచి కింది వరుస దాకా చదివి వినిపించాడు. ఎవరు మొదట బట్టీ పట్టారో, ఎప్పుడు పట్టారో, డ్రైవర్ల నోట్లలో తిరుగుతూ వస్తున్న అక్షరాలు అవి. జయరాజు వాటిని స్నానాల గదిలో, బజారులో, బండి లైను కోసం ఆగినప్పుడు గొణుక్కునేవాడు. ఆయన పెదవులు కదలడం చూసి సుశీల, పాస్టరు గారి మెప్పు బాగానే పనిచేసింది, మనిషి నడుస్తూ కూడా ప్రార్థన చేస్తున్నాడు అనుకుంది.

ఇలా ఉండగా ఒక ఆదివారం మధ్యాహ్నం సుప్రియ వరండాలో చాప పరుచుకుని చదువుకుంటోంది. ఆమె ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ, దూరవిద్యలో ఫిలాసఫీ ఎం.ఏ. చేస్తోంది. ఆ చదువుతో ఏ కొలువు వస్తుందన్నది జయరాజు ఫికర్లలో పాతది. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని అడిగాడు.

"ఏం చదువుతానవ్ బిడ్డా?"

"స్టోయిక్కులని, గ్రీకు దేశపోళ్లు డాడీ. రెండు వేల ఏండ్ల కిందటి ముచ్చట. రేపటి ఫికర్ ఎట్ల తగ్గించుకోవాల్నో చెప్పిన్రు."

"గ్రీకోళ్లకు గూడ ఫికర్లుండెనా?"

"రాజులకుండె, బానిసలకుండె. నీకు తెల్వక, నీ లెక్కటోళ్లు గక్కడ గూడ శానమంది ఉన్నరు."

జయరాజు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. సుప్రియ పుస్తకం మూసింది. బడిలో పిల్లలకు చెప్పి చెప్పి ఆమెకు విడమరచడం వచ్చు.

"దునియాల ఉన్నయన్ని రెండే కుప్పలు అంటరు డాడీ. ఒకటి మన చేతుల ఉన్నయి. ఇంకోటి మన చేతుల లేనియి. మన ఆలోచన, మన మాట, మనం చేసే పని, గివి మనయి. మన ఒళ్లు, మన నౌకరి, మంది మనల్ని ఏమనుకుంటరనేది, గివి మనయి కావు. మన చేతుల లేనిదానికి గుండె కొట్టుకునుడు దండుగ. మన చేతుల ఉన్నదాన్ని ఇడిసిపెట్టుడు తప్పు."

చివరి మాట చెప్పే సమయానికి సుశీల లోపలి నుంచి చాయ్ పట్టుకొచ్చింది. జయరాజు చాయ్ అందుకున్నాడు. ఆ మాట అందుకోలేదు.

"అంటే, సిగ్నల్ నా చేతుల లేదు. బ్రేకు నా చేతుల ఉన్నది. గంతేనా?"

"గంతే డాడీ."

"వారెవ్వా," అన్నాడు జయరాజు. గ్రీకువాళ్ల మీద ఆయనకు ఒక్కసారిగా గౌరవం కలిగింది. వాళ్లకు రైళ్లు లేకపోవడం అన్యాయమనిపించింది.

సుప్రియకు ఉత్సాహం వచ్చింది. ఇంకో సాధన కూడా ఉందని చెప్పింది. దేనికి భయపడుతున్నామో అది నిజంగానే జరిగితే ఎలా ఉంటుందో, పట్టపగలు నెమ్మదిగా కూర్చుని చివరిదాకా ఊహించుకోవాలట. అప్పుడు అది అంత పెద్దదిగా కనపడదట. జయరాజు వెంటనే చేయి అడ్డం ఊపాడు. "గది మనకద్దు బిడ్డా. ఒక్కటి సాలు," అన్నాడు.

ఆ ఒక్కదాన్ని ఆయన ఆ సాయంత్రమే పనిలో పెట్టాడు. కళ్లు ఒంట్లో భాగం, ఒళ్లు మన చేతిలో లేదు. డాక్టరు ఏం రాస్తాడో మన చేతిలో లేదు. నౌకరి మన చేతిలో లేదు. ఒక్కొక్కటే అవతలి కుప్పలోకి విసిరేస్తుంటే గుండె తేలికైంది. మరి చార్టు బట్టీ పట్టడం? అది మన చేతిలో ఉన్న పని. కాబట్టి దాన్ని ఇంకా శ్రద్ధగా పట్టాడు. ఆ గ్రీకు పెద్దలు ఇది వింటే ఏమయ్యేవారో గానీ, జయరాజుకు ఆ రాత్రి కమ్మగా నిద్ర పట్టింది. తరువాతి రాత్రీ పట్టింది. నెల తిరిగేసరికి చెంపలకు కండ వచ్చింది. "ఏం మందు మింగుతానవయ్యా?" అని సుశీల అనుమానంగా అడిగితే, "గ్రీకు మందు" అనేవాడు.

జయరాజు తెలుసుకున్నది తనలో దాచుకునే రకం కాదు. డ్రైవర్లు దిగి పడుకునే రన్నింగ్ రూములో పప్పు వడ్డించుకుంటూ బోధ మొదలుపెట్టేవాడు. కొందరు నవ్వేవాళ్లు, కొందరు నిజమే అనేవాళ్లు. తన అసిస్టెంటు అనిల్‌కు మరీ ఎక్కువ చెప్పేవాడు. అనిల్ జనగామ వైపు పిల్లవాడు, పెళ్లై ఏడాది దాటలేదు, మాట తక్కువ. పని మాత్రం చురుకు. ఈమధ్య సిగ్నల్ ఇంకా చుక్కంత ఉండగానే అతని గొంతు ఖంగుమనేది. "డబుల్ ఎల్లో!" జయరాజు చేయెత్తి "డబుల్ ఎల్లో" అనేవాడు. ఆ తరువాత తీరిగ్గా, "తమ్మీ, రేపటిది మన చేతుల లేదురా. ఎందుకు ఫికర్ జేసుడు?" అనేవాడు. అనిల్ పట్టాల మీంచి కళ్లు తిప్పకుండా "అవునన్నా" అనేవాడు. ఎంత మంచి శిష్యుడు అనుకునేవాడు జయరాజు.

ఆగస్టు చివర ఒక మధ్యాహ్నం బొగ్గు బండి తీసుకుని కాజీపేటకు వస్తున్నారు. జమ్మికుంట దాటారు. పొద్దున్నుంచీ పడిన వాన సన్నబడి తుంపరగా మారింది. ఇంజను వెనక గదిలో ఏదో మోత తేడాగా వినిపిస్తోందని, ఒకసారి చూసి వస్తానని అనిల్ లేచి వెళ్లాడు. అది మామూలే. జయరాజు అద్దం మీద నీళ్లు తుడిచే పుల్ల అటూ ఇటూ ఊగడం చూస్తూ, బండి తోలుతున్నాడు.

వంపు తిరగగానే దూరంగా సిగ్నల్ వచ్చింది. పసుపు.

జయరాజు నోరు తెరిచాడు. తెరిచి, ఆగాడు. ఏం పలకాలో తెలియలేదు. ఒకటా, రెండా? కళ్లు చికిలించాడు. పసుపు సాగింది, కరిగింది, మళ్లీ సాగింది. ఆయన నోరు తెరుచుకునే ఉంది. దేనికోసమో ఎదురుచూస్తున్నాడు. వెనక నుంచి అనిల్ గొంతు వస్తుందని, అది చెబితే తాను తిరిగి చెబుదామని ఎదురుచూస్తున్నాడు. ఆ సంగతి ఆయనకు అప్పుడు తెలిసింది. ఇన్ని నెలలుగా తాను చూసి పలకడం లేదు. విని పలుకుతున్నాడు.

ఆయన చేయి దానంతటదే బ్రేకు మీద పడింది. రెండింట్లో కఠినమైనదే నిజమనుకుని, ఒక్క పసుపే అనుకుని, బండి వేగం తీసేశాడు. బొగ్గు బరువుతో పెట్టెలన్నీ వెనక నుంచి మూలుగుతూ నెమ్మదించాయి. అనిల్ పరుగెత్తుకొచ్చాడు. ముందుకు చూసి, ఊపిరి తీసుకుని, "డబుల్ ఎల్లో అన్నా," అన్నాడు. "డబుల్ ఎల్లోనే."

అలవాటుగా జయరాజు చేయి సగం దాకా లేచింది. ఆయన ఆ మాట తిరిగి చెప్పలేదు. లేచిన చేయి దించుకుని మోకాలి మీద పెట్టుకున్నాడు. బండి క్షేమంగా కాజీపేట చేరింది. కాస్త ఆలస్యమైంది, వానలో బండ్లు ఆలస్యం కావడం ఎవరూ అడగని విషయం. తాను నోరు విప్పకపోతే ఈ సంగతి లోకంలో ఎవరికీ తెలియదు. ఆ మాట జయరాజుకు ఇంటికి నడిచినంతసేపూ మనసులో తిరుగుతూనే ఉంది.

ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా వరండాలో కూర్చున్నాడు. సుప్రియ బడి నుంచి అప్పుడే వచ్చింది. తండ్రి ముఖం చూసి పక్కన మెట్టు మీద కూర్చుంది. ఆయన అంతా చెప్పాడు. చర్చి బెంచీలు, అద్దాల కొట్టు, యాకయ్య, చార్టు, ఇవాళ్టి పసుపు.

"నేను కుప్పలు తప్పు పోసిన బిడ్డా," అన్నాడు జయరాజు. "కండ్లు నా చేతుల లేవు, నిజమే. కనబడ్తలేదని చెప్పుడు? గది నా చేతుల్నే ఉండె గదా. దాన్ని గూడ అవతల పారేసిన."

"నేనైన అడగకపోతి డాడీ. నువ్వు మంచిగ నిద్రపోతానవని ఖుషీ అయిన."

"గా రెండో ముచ్చట చెప్పినవ్ గదా. చెడ్డది చివరిదాక ఊహించుకోవాల్నని. ఇప్పుడు నాతోని చేపియ్యి."

సుప్రియ తటపటాయించింది. తరువాత నెమ్మదిగా మొదలుపెట్టింది.

"చెప్పినవనుకో. ఏమైతది?"

"ఇంజన్ దింపుతరు."

"దింపితే?"

"ఆఫీసుల కూసోబెడ్తరు. కాయితాలు అటీటు పెట్టుడు."

"కూసున్నవ్. ఇగ?"

"మంది అడుగుతరు. ఏమైంది జయరాజూ, కండ్లు పోయినయా అని. జాలి పడ్తరు."

"పడ్డరు. ఇగ?"

జయరాజు వంగి బూటు లేసు విప్పబోయి ఆపేశాడు. "ఇగ నేనెవర్ని బిడ్డా?" అన్నాడు. "మా నాయిన చెయ్యి ఊపింది ఇంజన్ల ఉన్నోనికి. గా మనిషి పోయినంక నేనెవర్ని?"

సుప్రియ తండ్రి చేయి పట్టుకుంది. అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి వింటున్న సుశీల బయటికి వచ్చింది. ఆమెకు ఏడుపు వస్తోంది, దానికన్నా ముందు కోపం వస్తోంది.

"ఇంజన్ల నిన్ను నేనెన్నడన్న చూసిన్నా?" అంది. "లగ్గమైన కాంచి ఒక్కపారి గూడ చూళ్లే. నాకు తెల్సినోడు డ్యూటీ దిగి ఇంటికొచ్చేటోడు. బువ్వ తిని, ఉప్పు తక్కువైందంటే చెయ్యి లేపేటోడు. ఇంజన్ల ఉన్నోడు ఎవడో ఏమో, వాడు ఉంటె ఎంత, పోతె ఎంత? నాకు ఇంటికొచ్చేటోడు గావాలె. గుడ్డికండ్లతోని బండి తోలుకుంట పోయి వాడు రాకపోతె నేనెవర్ని?"

వీధిలో ఎవరో స్కూటరు స్టార్ట్ చేస్తున్నారు, అది స్టార్ట్ కావడం లేదు. కాసేపటికి జయరాజు ఫోన్ మోగింది. డ్యూటీలు వేసే ఆఫీసు నుంచి. రేపు పొద్దున బండికి రమ్మని పిలుపు. ఇన్నేళ్లలో ఆ పిలుపుకు ఆయన జ్వరంలోనూ కాదనలేదు.

"నేను బండెక్క సార్," అన్నాడు జయరాజు. అవతలివాళ్లు ఏదో అడిగారు. "ఒళ్లు మంచిగనే ఉన్నది. కండ్లు కనబడ్తలేవు. సిగ్నల్ కనబడ్తలేదు. నన్ను దవాఖానకు పంపుండ్రి." ఫోన్ పెట్టేశాక చూసుకుంటే చొక్కా చెమటకు తడిసిపోయింది.

మర్నాడు రైల్వే దవాఖానలో కళ్ల డాక్టరు స్నేహలత గారి ముందు కుర్చీలో కూర్చున్నాడు. ఎదురు గోడ మీద దీపం వెలిగింది, చార్టు కనపడింది. కింది వరుసలు తెల్లటి మసక. అయినా ఆయన పెదవుల మీదికి అక్షరాలు వరుసగా వచ్చేశాయి. పిలవకుండానే వచ్చాయి. నిన్న అంత చెప్పినవాడికి కూడా, ఇప్పుడు గడగడా చదివేస్తే రేపటి నుంచి మళ్లీ ఇంజనే కదా అన్న ఆశ ఒక్క క్షణం గుండెను పట్టుకుని గుంజింది. ఆ మాట దాచడం దేనికి, గట్టిగానే గుంజింది.

"మేడం," అన్నాడు, "గీ చార్టు నాకు నోటికొస్తది. వేరేది పెట్టుండ్రి."

డాక్టరు ఆయన వంక ఒకసారి చూసి చార్టు మార్చింది. జయరాజు కనపడినంత వరకు చదివాడు. అది ఎంతో దూరం పోలేదు. "ఇగ కనబడ్తలేదు మేడం," అని ఆగిపోయాడు.

రెండు కళ్లలోనూ పొర ఉంది. ఆపరేషన్ చేస్తే చూపు చాలావరకు వస్తుందని, ఇంజను సంగతి పై డాక్టర్లు తేల్చాలని, దాని మీద ఆశ పెట్టుకోవద్దని ఆమె నెమ్మదిగా చెప్పింది. జయరాజు తల ఊపాడు. బయటికొచ్చి దవాఖాన మెట్ల మీద సుశీల పక్కన కూర్చున్నాడు. ఏడవడం గురించి గ్రీకువాళ్లు ఏమన్నారో ఆయనకు తెలియదు. పట్టపగలు, వచ్చేపోయేవాళ్లు చూస్తుండగా, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. సుశీల ఆపమనలేదు.

కాలనీ రెండుగా చీలింది. మంచి పని చేశాడని కొందరు, బతకడం చేతకాదని కొందరు. యాకయ్య అయితే టీ కొట్టు దగ్గర మండిపడ్డాడట, పిలగానికి అన్నం పెట్టి నేర్పితే పళ్లెం తన్నిండు అని. మంది మాట తన చేతిలో లేదని జయరాజు అనుకోబోయాడు. అనుకున్నంత తేలిగ్గా ఉండలేదు. కొన్ని రోజులు ఫాతిమానగర్ వైపు వెళ్లకుండా చుట్టు తిరిగి నడిచాడు.

మొదటి కంటికి ఆపరేషన్ అయిన వారానికి, ఒక సాయంత్రం అనిల్ చూడటానికి వచ్చాడు. బత్తాయిల సంచీ సుశీల చేతికిచ్చి, వరండాలో స్టూలు మీద కూర్చున్నాడు. జయరాజు కంటికి నల్లద్దాలు ఉన్నాయి. రెండో కన్ను ఇంకా మసకే. అతను వచ్చినందుకు ఆయనకు సంతోషంగా ఉంది, సిగ్గుగానూ ఉంది. ముందు సిగ్గు సంగతే చెప్పేద్దామనుకున్నాడు.

"తమ్మీ, నీకొకటి చెప్పాలె. శాన రోజుల సంది నేను సిగ్నల్ చూస్తలేను. నువ్వు చెప్పింది ఇని చెప్తాన్న. నీకు తెల్వకుంట నిన్ను మోసం జేసిన."

అనిల్ తల వంచుకున్నాడు. చేతివేళ్లు ఒకదానిలో ఒకటి ఇరికించి విప్పాడు.

"నాకు తెల్సన్నా."

"ఏం తెల్సు?"

"ఎండకాలంల సందే తెల్సు. అందుకే నేను జల్ది జల్ది చెప్తుంటి. చుక్కంత కనబడంగనే ఒర్రుతుంటి. మీకు చెప్పాలనుకున్న. పెద్దోళ్లు, ఏమనుకుంటరో అని నోరు రాలే. పైన చెప్తె మీ నౌకరి పోతదని భయం. చెప్పకపోతె ఎట్లనో అని భయం."

జయరాజు అతని వైపు తల తిప్పాడు.

"మీతోని డ్యూటీ పడ్డదంటే ముందటి రాత్రి నిద్ర పట్టకపోయేది," అన్నాడు అనిల్. "మా ఆమె అడిగేది, ఎందుకు గట్ల లేచి కూసుంటవని. ఏమీ లేదంటుంటి. ఇంజన్ ఎక్కినంక రెప్ప కొట్టాలన్నా భయమే. నేను చూడకపోతె ఇంకెవరు చూస్తలేరని తెల్సు గదా."

తాను కమ్మగా పడుకున్న ఆ రాత్రులన్నీ జయరాజుకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. చెంపలకు వచ్చిన కండ గుర్తొచ్చింది. రన్నింగ్ రూములో పప్పు వడ్డించుకుంటూ చెప్పిన బోధ గుర్తొచ్చింది. ఫికర్ పోయిందని ఎంత మురిసిపోయాడు! అది ఎక్కడికీ పోలేదు. జనగామ నుంచి వచ్చిన ఈ పిల్లవాడి ఇంట్లో, కొత్త పెళ్లికూతురి పక్కన, లేచి కూర్చుంది. ఇంతకాలం దాన్ని మోసినవాడు ఇతను.

ఆయన స్టూలు దగ్గరికి వంగి, తడుముకుంటూ అనిల్ చేయి అందుకుని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఇయ్యాల పండుకో తమ్మీ," అన్నాడు.